ఆమేన్ అన్న పద్దెనిమిది మంది

గురువారం తెల్లారేసరికి మందుల డబ్బా వీధి గుమ్మం ముందు మెట్టు మీద ఉంది.

పాల ప్యాకెట్లు తీసుకుందామని తలుపు తీసిన హెలెన్‌కి ముందు ఆ డబ్బానే కనపడింది. పెరటి పోర్షన్లో అద్దెకుంటున్న నాగలక్ష్మిది. మూడు నెలలుగా అది వాళ్ల కిటికీ గూట్లోంచి కదలలేదు. లోపల టీబీ మాత్రలు. మూత తీసి చూస్తే మంగళవారానివీ, బుధవారానివీ కూడా అలాగే ఉన్నాయి, వేసుకోలేదు.

ఒక చేతిలో పాలు, ఒక చేతిలో డబ్బా పట్టుకుని హెలెన్ అక్కడే నిలబడిపోయింది. ఇది లోపల పెట్టాలా, పెరట్లోకి తీసుకెళ్లి ఇవ్వాలా? ఇస్తే ఏమని ఇవ్వాలి? ముప్ఫై రెండేళ్లు పిల్లలకి ఎక్కాలు చెప్పి రిటైరైన మనిషి, పటమటలో సగం మందికి అడక్కుండానే మంచీ చెడూ చెప్పే మనిషి, మంగళవారం సాయంత్రం నుంచి ఇదే వరస. ఏ పని పట్టినా సగంలో చెయ్యి ఆగిపోతోంది. నిన్న పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది.

పెరట్లో అప్పటికే గిన్నెలు సర్దుతున్న చప్పుడు. నాగలక్ష్మి వాళ్లన్న, పేరు పెద్దబ్బాయి, సోమవారం కబురందగానే కొల్లేరు నుంచి వచ్చాడు. చేపల చెరువుల మీద కాపలా పని అతనిది. మాటకి ముందు చెయ్యి ఊపుతాడు. ఇవాళ మాత్రం చేతులకి పనుంది కాబట్టి నోటితోనే సరిపెడుతున్నాడు. వినాల్సిన మనిషి వంటింట్లో ఉందని తెలుసు. అందుకే గోడకి వినపడేలా అంటున్నాడు.

ప్రభుత్వం జీతమిచ్చేది మందులివ్వడానికా, ఊరంతా టముకు వెయ్యడానికా అన్నాడు. పక్కింటి ఆడదాని అన్నం పడగొట్టి తను కేరేజీ కట్టుకుని డ్యూటీకి వెళ్తోందే, ఆ ముద్ద ఎలా దిగుతుందో అన్నాడు.

వంటింట్లో శాలిని కేరేజీ కట్టుకుంటున్న మాట నిజమే. హెలెన్ కోడలు. ఆరోగ్య కేంద్రంలో టీబీ విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగం. నాగలక్ష్మికి నెలనెలా మందులు తెచ్చిచ్చింది, పరీక్షలకి స్కూటీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లింది ఆ పిల్లే. ఇప్పుడు పడుతున్నదీ ఆ పిల్లే. సోమవారం నుంచి ఒక్క మాట తిరిగి అనలేదు. మొగుడు బెన్నీ రైలు డ్యూటీ మీద వెళ్లి మూడు రోజులైంది. అతనికి ఫోన్లో కూడా చెప్పుకోలేదు.

నాగలక్ష్మి బెంజ్ సర్కిల్ దగ్గర ఒక లేడీస్ హాస్టల్లో వంట చేసేది. మొగుడు చేపల లారీ మీద క్లీనరుగా వెళ్లి, ఒడిశాలో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆ వంటే ఆమెకి ఆధారం. సోమవారం పొద్దున అరవై మంది పిల్లలకి టిఫిన్ వడ్డిస్తుండగా హాస్టల్ మేనేజరు వచ్చి, జబ్బు దాచిపెట్టి ఆడపిల్లలకి వండి పెడుతున్నావా అని అందరి ముందూ అడిగాడు. జబ్బు అంటుకునే దశ దాటిపోయిందని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించబోతే, దాన్ని ముట్టుకోనైనా లేదు. గరిటె అక్కడ పెట్టి వెళ్లమన్నాడు.

ఈ జబ్బు సంగతి ఇద్దరికే తెలుసు. మందులిచ్చే శాలినికీ, తను నోరు విప్పి చెప్పుకున్న టీచరుగారికీ. టీచరుగారు దేవుడి మనిషి, ప్రాణం పోయినా చెప్పదు. ఇక మిగిలిందెవరు? నాగలక్ష్మి లెక్క అంతే, తేలిగ్గా తేలిపోయింది. మంగళవారం పెద్దబ్బాయి ఆరోగ్య శాఖ ఆఫీసుకి వెళ్లి శాలిని మీద అర్జీ ఇచ్చాడు. రోగి రహస్యం బయటపెట్టడం అంటే ఆ ఉద్యోగంలో చిన్న తప్పేం కాదు. శుక్రవారం పదింటికల్లా రాతమూలకంగా జవాబివ్వాలన్నారు. కాంట్రాక్టు ఉద్యోగం, తీసేస్తే అడిగే దిక్కుండదు.

మరి మంగళవారం సాయంత్రం చర్చి స్త్రీల సమాజంలోని శౌరమ్మ ఫోన్లో ఏమందో హెలెన్‌కి తప్ప ఇంకా ఎవరికీ తెలీదు.

"పోయిన గురువారం నీ ప్రార్థన విన్నాక నాకు నిద్ర పడితేనా హెలెనూ. మా తమ్ముడి కూతురు ఆ హాస్టల్లోనే గదా ఉంటోంది. వెంటనే ఫోన్ చేసి జాగ్రత్తలు చెప్పాను. ఆ పిల్ల గురించి కూడా కాస్త ప్రార్థన పెట్టు."

అంతే. శౌరమ్మ ఆ మాట చెప్పి తర్వాత మోకాలి నొప్పుల గురించి పది నిమిషాలు మాట్లాడింది. హెలెన్‌కి ఒక్క ముక్క వినపడలేదు.

*

"మీ మీద నాకేం లేదు టీచరుగారూ," అంది నాగలక్ష్మి.

హెలెన్ చివరికి డబ్బా పట్టుకుని పెరట్లోకే వెళ్లింది. నాగలక్ష్మి మంచం పట్టె మీద కూర్చుని పాత చీరలు మూట కడుతోంది. మూడు రోజుల్లో కళ్ల కింద నల్లబడింది. మందులు మా కైకలూరులో కూడా ఇస్తారు, ఆవిడ చేతి మందు నాకక్కర్లేదు, అందుకే మెట్టు మీద పెట్టేశాను అని నెమ్మదిగానే చెప్పింది.

"మీకూ చెప్పుకున్నాను. మీ కడుపులోనే పెట్టుకున్నారు. అందరూ మీలాగే ఉంటారా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు హెలెన్ పమిట సవరించుకుంది. ఇదిగో, ఇప్పుడు చెప్పెయ్యాలి. ఒక్క ముక్క. నోరు తెరిచింది కూడా.

"నాగలక్ష్మీ."

"చెప్పండి."

"కాఫీ కలుపుతున్నాను. మీ అన్నని కూడా తాగి వెళ్లమను."

తన నోట్లోంచి వచ్చిన మాట విని హెలెన్‌కే ఒళ్లు మండింది. కాఫీ ఏమిటి నా మొహం అనుకుంది. కానీ మాట ఒకసారి పక్కదారి పట్టాక మళ్లీ వెనక్కి ఎలా తేవాలో తెలియలేదు.

ఈలోగా శాలిని హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చింది. అత్తగారి చేతిలో డబ్బా చూసింది. ఏమీ అడక్కుండా తీసుకుని వెళ్లి నాగలక్ష్మి కిటికీ గూట్లో పెట్టింది.

"నా మీద కోపం ఉంటే నా మీద చూపించు నాగలక్ష్మీ, మందు మీద కాదు," అంది. "ఒక్క పూట కూడా మానకూడదు. మూడు నెలల కష్టం పోతుంది."

నాగలక్ష్మి మొహం గోడ వైపు తిప్పుకుంది. పెద్దబ్బాయి గిన్నెల మూట ఎత్తుకుని పక్కకి తప్పుకున్నాడు.

శాలిని వెళ్లబోతూ హెలెన్ దగ్గర ఆగింది. వెళ్లొస్తానత్తయ్యా అంది. అని కూడా కదల్లేదు. హెల్మెట్ పట్టీ విప్పుతూ, పెడుతూ అలా నిలబడింది.

"గొడుగు తీసుకున్నావా?" అంది హెలెన్.

"వాన లేదుగా అత్తయ్యా."

అని వెళ్లిపోయింది. స్కూటీ చప్పుడు సందు మలుపు తిరిగేదాకా వినపడుతూనే ఉంది.

*

హెలెన్ భర్త జయపాల్ వరండాలో పేపరు చదువుతున్నాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం ఆరాధనకి వెళ్తాడు గానీ ప్రసంగం మొదలవగానే కళ్లు మూసుకుంటాడు. ధ్యానం అంటాడు. గురక కూడా వినపడుతుంది. నలభై ఏళ్ల కాపురంలో ఆయనకి భక్తి నేర్పడం హెలెన్ వల్ల కాలేదు. అలాంటి ఆయన ముందు కూర్చుని, మంగళవారం నుంచి గుండెలో దిగబడ్డ విషయమంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది.

ఆయన అంతా విని, పేపరు మడిచాడు.

"దేవుడితో మాట్లాడ్డానికి మనిషి పేరు, ఇల్లెక్కడో, జబ్బేమిటో అంతా చదవాలా? ఆయనకి తెలీదా?"

హెలెన్‌కి కోపమొచ్చింది. పేరు పెట్టి ప్రార్థించకపోతే అది ప్రార్థనెలా అవుతుంది? కొత్తగా చేసిందా తను? ఇరవై ఏళ్లుగా స్త్రీల సమాజంలో ఇదే పద్ధతి. వారానికొక ఇంట్లో కూడుకుంటారు. ఒక్కొక్కరూ తమ ప్రార్థనాంశాలు చెప్తారు. కోడలికి కడుపు నిలవలేదనీ, అల్లుడు తాగొచ్చి కొడుతున్నాడనీ, కొడుక్కి ఉద్యోగం రాలేదనీ, ఒకళ్ల బరువు ఒకళ్లు పంచుకోవడం అది. ఆ గదిలో తన బరువు తను దించుకోని ఆడది లేదు. ఆ గురువారం తను నాగలక్ష్మి కోసం ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఊపిరితిత్తుల్ని ముట్టు తండ్రీ, దిక్కులేని బిడ్డ తండ్రీ అని. అందరూ ఏడ్చారు. ఆ కన్నీళ్లు అబద్ధమా?

"అబద్ధమని ఎవరన్నారు," అన్నాడు జయపాల్. "నువ్వు నీ బరువు దించుకున్నావా అంటే అదీ కాదు. వేరే మనిషి మూట విప్పావు."

ఆ మాట ఒప్పుకోవడానికి హెలెన్‌కి మనసు రాలేదు. మంచికి పోతే చెడెదురైందే, ఇదేం న్యాయం అనిపించింది. కాసేపు తనదే తప్పనీ, కాసేపు శౌరమ్మ నోటిదనీ, కాసేపు ఆ మేనేజరుదనీ, ఎటు తిరిగినా ఆఖరికి శాలిని మొహమే కళ్ల ముందుకొచ్చింది.

జయపాల్ తేల్చి చెప్పాడు. ఆటో ఎక్కితే పది నిమిషాలు. వెళ్లి ఆ ఆఫీసరుతో, చెప్పింది నేను, నా కోడలు కాదు అని చెప్పిరా. కావాలంటే నేనూ వస్తా.

హెలెన్ లేచి మొహం కడుక్కుంది. మంగళగిరి నూలు చీర కట్టుకుంది. బ్యాగులో కళ్లజోడు, నీళ్ల సీసా పెట్టుకుంది. చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లింది. గేటు గడియ మీద చెయ్యి వేసిందో లేదో, పాస్టరు ఎలీషా అయ్యగారి దగ్గర్నుంచి ఫోన్. సాయంత్రం నాలుగింటికి స్త్రీల కూడిక మీ ఇంట్లోనే కదమ్మా, కుర్చీలు పంపమంటారా అని.

ఆ కుర్రాయన సంఘానికి వచ్చి ఏడాదైనా కాలేదు. మెత్తటి మనిషి. హెలెన్ గేటు దగ్గరే నిలబడి ఆయనకి కూడా మొత్తం చెప్పేసింది. పాపం, ఆయనకీ ఏం చెప్పాలో తోచినట్టు లేదు. చివరికి, ముందు సాయంత్రం కూడికలో సహోదరీల ఎదుట ఒప్పుకోండమ్మా, మనసు తేలికపడుతుంది, ఆఫీసుకి రేపు పదింటి దాకా టైముందంటున్నారుగా అన్నాడు.

మనకి నచ్చిన సలహా చెప్పినవాడే మనకి తెలివైనవాడు. హెలెన్‌కి గుండెల మీద బండ దించినట్టయింది. అవును, ముందు దేవుడి సన్నిధిలో, తనవాళ్ల మధ్య. తర్వాత మనుషుల ఆఫీసులు ఎక్కడికి పోతాయి? గేటు దగ్గర్నుంచి వెనక్కి వచ్చి చెప్పులు విప్పింది.

జయపాల్ చూశాడు. మడిచిన పేపరు మళ్లీ విప్పుకున్నాడు.

*

నాలుగింటికల్లా అందరూ వచ్చేశారు. అందరికంటే ముందు శౌరమ్మ వచ్చింది. పుట్టింటివాళ్లు గుంటూరు వైపు కేథలిక్కులు, పెళ్లయ్యాక ఈ సంఘంలోకి వచ్చింది. పాట ఆవిడే ఎత్తుకోవాలి, అంత గొంతు. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు అన్నం గిన్నె పంపేది కూడా ఆవిడే. చెడ్డదని ఎవరంటారు? హెలెన్‌కి ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

హాల్లో కుర్చీలూ చాపలూ నిండిపోయాయి. హెలెన్ లెక్కపెట్టింది. తను కాక పద్దెనిమిది మంది. పోయిన గురువారం కూడా ఇంతమందే, వీళ్లే.

పాట అయ్యాక హెలెన్ లేచి పెరట్లోకి వెళ్లింది. పెద్దబ్బాయి సామాను కోసం ట్రాలీ ఆటో తేవడానికి వెళ్లాడు. నాగలక్ష్మి ఒక్కతే గది కడుగుతోంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ కూడా కడుగుతోంది. ఒక్కసారి లోపలికి రామ్మా అంటే, వెళ్లిపోయే ముందు దీవించి పంపుతారు కాబోలు అనుకున్నట్టుంది, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే అందరూ చోటిచ్చారు. కావలసినదానికంటే ఎక్కువే ఇచ్చారు. చాప మీద ముగ్గురు లేచి అవతలి గోడకి సర్దుకున్నారు. ఒకావిడ కొంగు ముక్కు దగ్గరికి తీసుకుంది, మళ్లీ ఎవరైనా చూశారేమోనని దించేసింది. హెలెన్ ఇదంతా చూసింది. నాగలక్ష్మి కూడా చూసింది. చూసి, గుమ్మం పక్కనే నిలబడిపోయింది.

హెలెన్ చేతులు జోడించింది. కళ్లు మూసుకుంది. ఇరవై ఏళ్ల అలవాటు, కళ్లు మూసుకుంటేనే ఆవిడకి మాట వస్తుంది.

"ప్రభువా, నీ దాసురాలు నీ పాదాల దగ్గరికి వచ్చింది తండ్రీ. నాకు తెలియకుండానే నీ బిడ్డకి నా వల్ల..."

గదిలో తలలన్నీ వంగాయి. ఎవరో అప్పుడే సన్నగా మూలగడం మొదలుపెట్టారు. హెలెన్‌కి కన్నీళ్లు వచ్చాయి. నిజంగానే మనసు తేలికపడుతోంది.

"టీచరుగారూ."

హెలెన్ ఆగింది.

"కళ్లు తెరవండి," అంది నాగలక్ష్మి. "మీ వల్ల ఏం జరిగింది? ఏదైనా ఉంటే నాతో చెప్పండి."

హెలెన్ కళ్లు తెరిచింది. అంతమంది తలలు వంచుకుని ఉంటే ఒక్క నాగలక్ష్మే తలెత్తి చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, అర్థంకాకపోవడమే ఉంది. కళ్లు తెరిచాక ఇందాకటి మాటలేవీ పనికిరాలేదు. దాసురాలు, పాదాలు, తండ్రీ, ఏవీ రాలేదు.

"పోయిన గురువారం శౌరమ్మ వాళ్లింట్లో, నీ పేరు చెప్పి, నీ జబ్బు చెప్పి ప్రార్థన చేశాను. అక్కణ్ణుంచి హాస్టలుకి వెళ్లింది," అంది. "శాలిని కాదు నాగలక్ష్మీ. నేను."

నాగలక్ష్మి తలుపు చెక్క పట్టుకుంది. తిడుతుందనుకుంది హెలెన్. తిడితే బాగుండును అని కూడా అనుకుంది.

"ఎంతమంది ఉన్నారండీ అప్పుడు?"

"వీళ్లే. పద్దెనిమిది మంది."

"అందరూ విన్నారా?"

"విన్నారు. అందరూ ఆమేన్ అన్నారు."

నాగలక్ష్మి ఒక్కొక్కళ్ల మొహమే చూసుకుంటూ వచ్చింది. నిదానంగా చూసింది.

"వారమైంది," అంది. "నేను ఈ పెరట్లోనే ఉన్నాను. వీధి గేటులోంచి నాలుగడుగులు. ఒక్కరూ వచ్చి, ఎలా ఉన్నావే అని అడగలేదు."

శౌరమ్మే తల ఎత్తింది. ఆవిడ మొహం ఎర్రబడింది. మేమేం పాపం చేశామమ్మా అంది. నీ మేలు కోరే చేశాం, మొన్న శనివారం మా ఏడుగురం నీ కోసం ఉపవాసం కూడా ఉన్నాం అంది. ఆ మాట చెప్తుంటే ఆవిడ గొంతు నిజంగానే వణికింది.

"నా కోసం మీరు అన్నం మానేశారా?" అంది నాగలక్ష్మి. వెటకారం కాదు, తెలుసుకోవాలనే అడిగింది. "మరి నా అన్నమే పోయింది గదండీ."

శౌరమ్మ మళ్లీ తల దించేసుకుంది.

వెనక నుంచి ఇంకెవరో నెమ్మదిగా అన్నారు, జరిగిందేదో జరిగింది, టీచరుగారు ఒప్పుకున్నారు, ఇది ఈ గదిలోనే ఉండనిస్తే మంచిది అని. ఆఫీసుకి వెళ్లి చెప్తే పేపర్లో పడినా పడుతుంది, సంఘానికి ఎంత మాట అన్నారు. ఇంకొకరు అవునన్నారు. నలుగురైదుగురు తలలూపారు.

హెలెన్ వాళ్ల వైపు చూసింది. తన కాన్పులకి వచ్చి కూర్చున్నవాళ్లు వీళ్లు. అమ్మ పోయినప్పుడు మూడు రోజులు ఇల్లు విడిచి వెళ్లనివాళ్లు. వీళ్ల మాట ఏనాడూ తప్పనిపించలేదు. ఇప్పుడు కూడా తప్పని గట్టిగా అనిపించడంలేదు, ఒప్పనీ అనిపించడంలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి వైపు వెళ్లాలో, చాప మీద కూర్చున్నవాళ్ల మధ్యకి వెళ్లాలో తెలియక గది మధ్యలో అలాగే ఉండిపోయింది.

అప్పుడు ఫోన్ మోగింది. శాలిని.

"అత్తయ్యా, పనిలో ఉన్నారా?"

"లేదమ్మా, చెప్పు."

"ఆఫీసరుగారు రేపు ఊళ్లో ఉండరట. జవాబు ఇవాళే ఇమ్మన్నారు. రాసిచ్చేశాను."

"ఏమని రాసిచ్చావు?"

"నేనే చెప్పానని."

గదిలో అంత నిశ్శబ్దంగా ఉండబట్టి, ఆ మాట ఫోన్లోంచి అందరికీ వినపడింది.

"అదేంటి శాలినీ, నువ్వు చెప్పలేదుగా?"

"నేను కాదంటే, మరి ఎవరని అడుగుతారు. మిమ్మల్ని పిలుస్తారు, సంఘంలో ఆవిడనీ ఈవిడనీ పిలుస్తారు," అంది శాలిని. అలిసిపోయిన గొంతు. "పోయిన గురువారం మిమ్మల్ని ఇంటికి తీసుకురావడానికి నేను ముందే వచ్చానత్తయ్యా. శౌరమ్మగారి గుమ్మంలో నిలబడి విన్నాను."

"వారం నుంచీ తెలుసా నీకు? మరి ఒక్కసారైనా నన్ను అడగలేదేం?"

"మీరే చెప్తారని చూశాను."

ఫోన్ పెట్టేసింది.

హెలెన్ చెయ్యి కిందికి దిగింది. పొద్దున హెల్మెట్ పట్టీ విప్పుతూ పెడుతూ నిలబడ్డ పిల్ల దేని కోసం నిలబడిందో ఇప్పుడు తెలిసింది. గొడుగు తీసుకున్నావా అని అడిగింది తను. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. ఇందాక ప్రార్థనలో అంత ధారాళంగా వచ్చిన ఏడుపు ఇప్పుడు ఎక్కడికి పోయిందో అర్థం కాలేదు.

తలెత్తి చూసేసరికి గుమ్మం దగ్గర నాగలక్ష్మి లేదు.

సందులో ట్రాలీ ఆటో వచ్చి ఆగిన చప్పుడు, పెద్దబ్బాయి గొంతు, ఇనప మంచం లాగిన చప్పుడు వరసగా వినపడ్డాయి. వెళ్లిపోతోంది అనుకుంది హెలెన్. వెళ్లిపోకేం చేస్తుంది? చాపల మీదవాళ్లలో కదలిక మొదలైంది. ఆశీర్వచనం చెప్పుకుని ముగిద్దామా అని ఎవరో అడిగారు. ఆ అడిగింది తననే అని హెలెన్‌కి కాసేపటికి గాని తెలియలేదు.

ఈలోగా నాగలక్ష్మి వీధి వైపు నుంచి మళ్లీ వచ్చింది. చీర మార్చుకుంది. చేతిలో పరీక్షల కాగితాలున్న కవరు పట్టుకుంది. గుమ్మం బయటే ఆగి, హెలెన్ ఒక్కదాన్నే చూస్తూ అడిగింది.

"నాలుగున్నర అయింది. ఆఫీసు అయిదింటి దాకానే. నేను అర్జీ వెనక్కి తీసుకుంటే సరిపోదు, తను రాసిచ్చేసింది కాబట్టి మీ నోటితో మీరే చెప్పాలి. వస్తారా టీచరుగారూ, ఇంకో ప్రార్థన చేసుకుని వస్తారా?"

వరండాలో జయపాల్ పేపరు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. హెలెన్ గది దాటి బయటికి వచ్చింది.

మెట్ల దగ్గర చెప్పులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, పద్దెనిమిది జతలు, ఆ పైన ఇంట్లోవాళ్లవి. హెలెన్ వంగి వెతికింది. అన్నీ నల్లవే, అన్నీ ఒకేలాంటివే. ఆటో హారన్ కొట్టింది. కాలికి దొరికినవి తొడుక్కుని సందులోకి నడిచింది. ఒకటి బిగుతుగా, ఒకటి వదులుగా ఉంది. ట్రాలీలో మంచానికీ గ్యాస్ స్టవ్‌కీ మధ్య నాగలక్ష్మి కూర్చుని ఉంది. కొంచెం పక్కకి జరిగింది. జరిగింది గానీ మొహం ఇటు తిప్పలేదు. హెలెన్ ఎక్కి కూర్చుంది.

ఏం చెప్పాలో వరస పెట్టుకుందామనుకుంది. మొదటి మాటే దొరకలేదు. దొరికినా, తన కోడలు సంతకం పెట్టిచ్చిన కాగితం ముందు దాన్ని ఎవరు నమ్ముతారో తెలియదు.

ఆటో కదులుతుండగా గేటు చప్పుడైంది. శౌరమ్మ. వట్టి కాళ్లతో, కొంగు నడుముకి దోపుకుని, మోకాళ్ల నొప్పుల మనిషి సందులోకి గబగబా నడిచి వస్తోంది. ఆగు హెలెనూ, ఆగు అంటోంది.

తన చెప్పుల కోసం వస్తోందో, తోడు వస్తానని వస్తోందో, వద్దని ఆపడానికి వస్తోందో హెలెన్‌కి తెలియలేదు. డ్రైవరు పక్కన కూర్చున్న పెద్దబ్బాయి వెనక్కి తిరిగి, ఆపమంటారా అని అడిగాడు.

హెలెన్ నాగలక్ష్మి వైపు చూసింది.